ఇంట్లో రికార్డింగ్‌కు నాయిస్ గేట్: ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు

క్లుప్తంగా: నాయిస్ గేట్ మాటల మధ్య ఖాళీల్లో వినిపించే చప్పుడును మాత్రమే ఆపుతుంది. మాట్లాడుతున్నంతసేపూ వెనక ఉన్న ఫ్యాన్ మోతను తీసేయలేదు. గొంతు రికార్డ్ చేసేవారికి ఉచిత సాఫ్ట్‌వేర్ గేట్లు సరిపోతాయి. యూఎస్‌బీ మైకు వాడేవారికైతే విడిగా అమ్మే గేట్ పెట్టెలు అసలు పనికిరావు. డబ్బు పెట్టాల్సిన అవసరం ముఖ్యంగా ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారిది. ఎంచుకునేటప్పుడు ధర కన్నా హోల్డ్, రిలీజ్, రేంజ్ అనే మూడు సర్దుబాట్లు ఉన్నాయో లేదో చూడాలి. మాట చివర అచ్చుతో ముగిసే తెలుగుకు ఇది మరీ ముఖ్యం.

యూట్యూబ్ ఛానల్‌కో, పాడ్‌కాస్ట్‌కో, ఆడియో కథలకో ఇంట్లోనే గొంతు రికార్డ్ చేయడం మొదలుపెట్టినవారు మొదటి రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినగానే కంగుతింటారు. చెవి రోజూ పట్టించుకోని సీలింగ్ ఫ్యాన్, ఫ్రిజ్, వీధిలో ఆటో, పక్కింటి మిక్సీ అన్నీ మైకుకు వినబడి ఉంటాయి. పరిష్కారం కోసం వెతికితే నాయిస్ గేట్, నాయిస్ సప్రెసర్, నాయిస్ రిడక్షన్, నాయిస్ క్యాన్సిలేషన్ అనే పేర్లు ఒకేసారి మీద పడతాయి. షాపింగ్ సైట్లో ‘నాయిస్ గేట్’ అని కొడితే ముందు కనిపించేవి గిటార్ వాళ్లు కాలితో తొక్కే చిన్న పెడళ్లు. వాటిని మైకు కోసం కొని, ఏ రంధ్రంలో ఏ వైరు పెట్టాలో తెలియక తిరిగి పంపేవాళ్లు ఉన్నారు. గందరగోళమంతా ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతుంది. గేట్ నిజానికి చేసే పని ఏమిటి?

తలుపు మాత్రమే, జల్లెడ కాదు

గేట్ ఒక తలుపు. లోపలికి వచ్చే ధ్వని ఒక స్థాయి దాటితే తెరుచుకుంటుంది, అంతకు తగ్గితే మూసుకుంటుంది. ఆ స్థాయినే త్రెషోల్డ్ అంటారు. ఆ ఇంగ్లిష్ మాటకు అసలు అర్థం గడప. గడప దాటిన ధ్వని ఏదైనా సరే, గేట్ దాన్ని మొత్తంగా వదులుతుంది. అది మాటా, కుక్క అరుపా, కుక్కర్ విజిలా అన్న తేడా దానికి తెలియదు. గొంతుతో పాటు అదే వైరులో వచ్చే ఫ్యాన్ మోతను కూడా ఏరి పక్కన పెట్టలేదు.

అందుకే గేట్ వేసిన రికార్డింగ్‌లో కొత్త ఇబ్బంది ఒకటి వస్తుంది. మాట్లాడుతున్నప్పుడు వెనక ఫ్యాన్ వినిపిస్తుంది, వాక్యం ముగియగానే మాయమవుతుంది, మళ్లీ మాట మొదలవగానే వస్తుంది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడే కదా, అది ఇంతసేపూ ఎంత చప్పుడు చేసిందో తెలిసేది. గేట్ ఆ అనుభవాన్ని ప్రతి వాక్యం చివరా పెడుతుంది. సమానంగా సాగే చిన్న మోతను వినేవారి చెవి కాసేపటికి వదిలేస్తుంది కానీ, వచ్చి పోయే మోతను వదలదు. చాలా సందర్భాల్లో గేట్ వేయని రికార్డింగే వినడానికి హాయిగా ఉండటానికి కారణం ఇదే.

మిగతా పేర్ల సంగతి. నాయిస్ రిడక్షన్ సాఫ్ట్‌వేర్ ముందుగా గదిలోని ఖాళీ చప్పుడు నమూనాను తీసుకుని, అందులో ఏ ఫ్రీక్వెన్సీలు ఎంత ఉన్నాయో చూసి, మొత్తం రికార్డింగ్‌లో వాటిని తగ్గిస్తుంది. ఇది మాట వెనక ఉన్న మోతను కూడా తగ్గిస్తుంది. మోతాదు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆర్ఎన్‌నాయిస్ లాంటివి ఇంకో దారి. మనిషి మాట ఎలా ఉంటుందో నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్ మాట కానిదాన్ని అణిచేస్తుంది. మాటకు ఇది బాగా పనిచేస్తుంది, తంబురా శ్రుతి పెట్టి పాడితే మాత్రం శ్రుతినే చప్పుడు అనుకునే ప్రమాదం ఉంది. ఇక నాయిస్ క్యాన్సిలేషన్ అని హెడ్‌ఫోన్స్ పెట్టెల మీద రాసేది ఎక్కువగా వినేవారి చెవికి చేసే సాయం. దానికీ రికార్డింగ్‌కూ సంబంధం లేదు. నాయిస్ సప్రెసర్ అనేది గిటార్ పెడళ్ల తయారీదారులు గేట్‌కూ దాని చుట్టాలకూ కలిపి వాడే పేరు.

ముందు చూడాల్సింది రెండు అంకెల మధ్య దూరం

గేట్ పనిచేస్తుందా లేదా అన్నది దాని ధర మీద ఆధారపడదు. గదిలోని చప్పుడుకూ, గొంతు పలికే అతి మెత్తని అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక ఉదాహరణ. ఫ్యాన్ ఆపిన గదిలో రికార్డింగ్ మీటర్ మైనస్ 55 డెసిబెల్స్ చూపిస్తోంది (మీటర్లో సున్నా గరిష్ఠం, మైనస్ అంకె పెరిగే కొద్దీ ధ్వని చిన్నది). మామూలు మాట మైనస్ 20 దగ్గర ఉంది. వాక్యం చివర గొంతు తగ్గి, ఆఖరి అక్షరం మైనస్ 38కి పడిపోయింది. అంటే చప్పుడుకూ మెత్తని అక్షరానికీ మధ్య 17 డెసిబెల్స్ ఖాళీ ఉంది. త్రెషోల్డ్‌ను మైనస్ 46 దగ్గర పెడితే రెండు వైపులా ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు ఫ్యాన్ వేశారు. గది చప్పుడు మైనస్ 42కి పెరిగింది. మెత్తని అక్షరానికీ దానికీ మధ్య మిగిలింది 4 డెసిబెల్స్. త్రెషోల్డ్‌ను పైన పెడితే అక్షరం పోతుంది, కింద పెడితే ఫ్యాన్ తలుపు తెరిచేస్తుంది. లక్ష రూపాయల గేట్ తెచ్చినా ఈ లెక్క మారదు. ఖాళీ 10 డెసిబెల్స్ కన్నా తక్కువైతే గేట్ గురించి ఆలోచించడం అనవసరం. ముందు గది సంగతి చూడాలి.

ఈ ఖాళీని పెంచే అతి చవకైన మార్గం మైకును దగ్గరకు జరపడం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. మూరెడు దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి తెస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా 6 డెసిబెల్స్ ఖాళీ దొరికినట్టే. ఫ్యాన్ ఆపి 20 నిమిషాలు ఓర్చుకుంటే పై ఉదాహరణలో ఇంకో 13 వస్తాయి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఇది చెప్పినంత సులువు కాదనేది నిజమే. అందుకే తెల్లవారుజామున, గుడి మైకు మొదలయ్యేలోపు రికార్డింగ్ ముగించే అలవాటు చాలామందికి ఉంది.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే సన్నని ‘జూం’ శబ్దం వస్తే అది గది చప్పుడు కాదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూస్తే కారణం తేలిపోతుంది. ఎర్తింగ్ లోపాన్ని గేట్‌తో కప్పిపుచ్చితే అది మాటల వెనక అలాగే మిగిలి ఉంటుంది.

ఆడియో పుస్తకాల రంగంలో ఒక కొలమానం ఉంది. ఆడిబుల్‌కు చెందిన ఏసీఎక్స్ వేదిక ఖాళీ భాగాల్లోని చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉండాలని అడుగుతుంది. అక్కడికి పుస్తకం ఇవ్వనివారికి కూడా తమ గది ఎక్కడ ఉందో చూసుకోవడానికి ఈ అంకె పనికొస్తుంది.

‘వచ్చాడు’లో ‘డు’ ఏమైంది?

గేట్ల గురించి దొరికే సలహాలు ఎక్కువగా ఇంగ్లిష్ మాటను దృష్టిలో పెట్టుకుని రాసినవి. తెలుగు గొంతుకు వాటిని ఉన్నదున్నట్టు వాడితే దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడాలి.

తెలుగు అజంత భాష. మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది. పైగా క్రియ వాక్యం చివర వస్తుంది. ఆ క్రియలో ఎవరు, ఎందరు, మర్యాద ఉందా లేదా అన్నది కూడా ఆఖరి అక్షరమే చెబుతుంది. ‘వచ్చాడు’, ‘వచ్చారు’, ‘వచ్చాయి’ మధ్య తేడా అంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. మాట్లాడేవారి ఊపిరి, గొంతు తగ్గిపోయేది కూడా సరిగ్గా అక్కడే. తలుపు మూసుకోవడానికి తీసుకునే సమయమే రిలీజ్. దాన్ని తక్కువగా పెట్టిన గేట్ ముందుగా మింగేది ఆ ‘డు’నే, ఆ ‘రు’నే. వింటున్నవారికి ఏదో తెగినట్టు ఉంటుంది కానీ, ఏం తెగిందో వెంటనే తట్టదు.

రెండోది ద్విత్వాలు. ‘అక్క’, ‘చెప్పు’, ‘పట్టు’ అన్నప్పుడు మధ్యలో నోరు పూర్తిగా మూసుకుని ధ్వని ఆగిపోతుంది. నింపాదిగా చదివేటప్పుడు ఆ ఆగడం సెకనులో పదో వంతు కూడా దాటుతుంది. మనిషికి అది మాటలో భాగం, గేట్‌కు మాత్రం అది నిశ్శబ్దం. హోల్డ్ అనే సర్దుబాటు ఇక్కడే అక్కరకొస్తుంది. ధ్వని త్రెషోల్డ్ కిందికి పడిపోయాక కూడా తలుపును ఎంతసేపు తెరిచి ఉంచాలో అది చెబుతుంది. హోల్డ్ 30 మిల్లీసెకన్లు ఉంటే ‘చెప్పు’ మధ్యలో తలుపు మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది, వెనక ఫ్యాన్ ఉంటే అది కూడా ఒకసారి మినుకుమంటుంది. 200 దగ్గర ఉంటే ఈ బెడద ఉండదు. ‘అమ్మ’, ‘అన్న’లకు ఈ సమస్య తక్కువ, ఎందుకంటే నోరు మూసుకున్నా ధ్వని ముక్కులోంచి సాగుతూనే ఉంటుంది.

మాట మొదట్లో ఉండే చిక్కు వేరు. స, శ, హ, ఫ లాంటి అక్షరాలు గాలితో మెల్లగా మొదలై, అచ్చు వచ్చాకే బలం పుంజుకుంటాయి. గేట్ తెరుచుకునే వేగాన్ని అటాక్ అంటారు. అది నెమ్మదిగా ఉన్నా, త్రెషోల్డ్ ఎక్కువగా ఉన్నా ‘సరే’ అన్న మాట ‘అరే’ లాగా వినిపించవచ్చు. మరీ వేగంగా, ఒక మిల్లీసెకను కన్నా తక్కువగా పెడితే తెరుచుకున్న ప్రతిసారీ ‘టిక్’ మనే అవకాశం ఉంది. మాటకు 2 నుంచి 10 మిల్లీసెకన్ల అటాక్, 150 నుంచి 300 వరకు రిలీజ్‌తో మొదలుపెట్టి చెవితో సరిచూసుకోవడం మేలు.

ఇక రేంజ్. చవక గేట్లలో చాలావాటికి ఇది ఉండదు, నిజానికి అన్నిటికన్నా విలువైనది ఇదే. తలుపు మూసినప్పుడు ధ్వని పూర్తిగా ఆగిపోవాలా, కొంత తగ్గితే చాలా అన్నది రేంజ్ నిర్ణయిస్తుంది. పూర్తిగా మూస్తే పైన చెప్పిన కరెంటు పోయిన అనుభవమే. 10 నుంచి 15 డెసిబెల్స్ మాత్రమే తగ్గించమంటే గది కొద్దిగా వినిపిస్తూనే ఉంటుంది, వాక్యం చివరి అక్షరం పొరపాటున గేట్‌లో ఇరుక్కున్నా మొత్తంగా పోదు. ఎక్స్‌పాండర్ అనే పరికరం ఇదే పనిని ఇంకా మెత్తగా చేస్తుంది. త్రెషోల్డ్ కిందికి దిగే కొద్దీ ధ్వనిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతుంది. తెలుగు గొంతుకు గేట్ కన్నా ఎక్స్‌పాండరే నప్పుతుంది.

ఉచితంగా దొరికేవి ఎంతవరకు?

బ్రిటిష్ కంపెనీ డ్రామర్ 1982లో తెచ్చిన డీఎస్201 గేట్ స్టూడియోలకు దశాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచింది. ధ్వనిలోని ఏ భాగాన్ని విని తలుపు తీయాలో ఫిల్టర్లతో చెప్పగలగడం దాని పేరుకు కారణం. అదే సదుపాయం ఇప్పుడు రీపర్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే రీగేట్‌లో ఉంది. విండోస్ వాడేవారికి రీప్లగ్స్ అనే ఉచిత కట్టలో ఇది విడిగా కూడా దొరుకుతుంది. ఫ్యాన్ గుర్రు, రోడ్డు మీద లారీల అదురు ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి కాబట్టి, రీగేట్‌లోని హైపాస్‌ను, అంటే కింది ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్‌ను, 120 హెర్ట్జ్ చుట్టూ పెడితే గేట్ వాటిని లెక్కలోకి తీసుకోదు. తలుపు తీయాలా వద్దా అని చూసే చెవికి మాత్రమే ఈ వడపోత. వినిపించే గొంతు మారదు.

రీగేట్‌లో ప్రీ ఓపెన్ అని ఇంకో సర్దుబాటు ఉంది. మాట రాకముందే తలుపు తీస్తుంది. రికార్డ్ అయిన ధ్వనిలో తర్వాత ఏం వస్తుందో సాఫ్ట్‌వేర్ ముందే చూడగలదు కాబట్టి ఇది సాధ్యం. వైరులో వస్తున్న ధ్వనిని అప్పటికప్పుడు చూసే అనలాగ్ పెట్టెకు ఈ అవకాశం లేదు. ‘సరే’లోని ‘స’ను కాపాడే విషయంలో ఉచిత ప్లగిన్ ఖరీదైన పెట్టె కన్నా మెరుగ్గా ఉండగలదన్నమాట.

ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ వాడేవారికి అందులోనే నాయిస్ గేట్ ఎఫెక్ట్ ఉంది. గది చప్పుడును కొలిచి చెప్పే సదుపాయం, రేంజ్‌కు సమానమైన లెవల్ రిడక్షన్, హోల్డ్ అన్నీ ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే సర్ది, ప్రివ్యూ విని, మళ్లీ సర్దాలి, ఓపిక కావాలి. మ్యాక్‌లో గరాజ్‌బ్యాండ్‌లో ట్రాక్‌కు ఒక స్లైడర్ గేట్ ఉంటుంది. ఒక్క స్లైడరే కావడం వల్ల పైన చెప్పిన సర్దుబాట్లకు దానిలో చోటు లేదు.

లైవ్ పెట్టేవారు ఎక్కువగా వాడే ఓబీఎస్ స్టూడియో గేట్ మొదటే హోల్డ్ 200, రిలీజ్ 150 మిల్లీసెకన్లతో వస్తుంది. తెరుచుకునే స్థాయి మైనస్ 26, మూసుకునే స్థాయి మైనస్ 32 డెసిబెల్స్. రెండు వేర్వేరు అంకెలు ఎందుకంటే, ఒకే గీత మీద ఊగిసలాడే ధ్వనికి తలుపు టపటపా కొట్టుకోకుండా. దీన్ని హిస్టరిసిస్ అంటారు. అయితే మైనస్ 26 చాలా ఎక్కువ, నెమ్మదిగా మాట్లాడేవారి గొంతు దాన్ని అందుకోలేకపోవచ్చు. రెండు అంకెలనూ కిందికి దించుకోవాలి. దీనిలో రేంజ్ లేదు. అందుకు బదులుగా అదే ఫిల్టర్ల జాబితాలో ఉన్న ఎక్స్‌పాండర్‌ను వాడుకోవచ్చు.

గేట్‌ను కంప్రెసర్‌కు ముందు పెట్టాలి. కంప్రెసర్ పెద్ద ధ్వనిని అణిచి మొత్తాన్ని పైకి లేపుతుంది. మాట 10 డెసిబెల్స్ అణిగి తిరిగి అంతే లేస్తే, దానితో పాటు గది చప్పుడు కూడా 10 పెరుగుతుంది. కష్టపడి సంపాదించిన ఖాళీ అంతా అక్కడ ఖర్చయిపోయాక గేట్ పెట్టి లాభం లేదు.

పెట్టె కొనాల్సి వస్తే

యూఎస్‌బీ మైకులో ధ్వని మైకు లోపలే డిజిటల్‌గా మారి కంప్యూటర్‌కు చేరుతుంది. మధ్యలో ఏ పెట్టెనూ దూర్చే వీలు లేదు, కాబట్టి వీరికి ప్రశ్నే లేదు. మూడు పిన్నుల వైరుతో కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఉన్నవారికి కూడా గిటార్ పెడల్ పనికిరాదు. పెడల్‌కు మైకు ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే భాగం) ఉండదు, కండెన్సర్ మైకుకు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉండదు. మైకు కోసం తయారైన పెట్టెల్లో డీబీఎక్స్ 286ఎస్‌కు పేరుంది. ప్రీయాంప్, కంప్రెసర్, డీఎస్సర్ (‘స’, ‘శ’ల ఈలను తగ్గించేది), ఎక్స్‌పాండర్ గేట్ అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. కానీ అందులో గేట్‌కు ఉన్నవి త్రెషోల్డ్, రేషియో అనే రెండు నాబ్‌లే. హోల్డ్, రిలీజ్ చేతికి దొరకవు. గేట్ కోసమే దాన్ని కొంటే డబ్బు దండగ. ప్రీయాంప్ కూడా కావాలనుకునేవారికి మాత్రం లెక్క మారుతుంది.

ఇంట్లో బ్యాండ్ ప్రాక్టీస్ చేస్తూ నాలుగైదు మైకులు పెట్టేవారికి విడి గేట్ల కన్నా ప్రతి ఛానల్‌కూ గేట్ ఉన్న బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 లాంటి డిజిటల్ మిక్సర్ నయం. అదే ఆడియో ఇంటర్‌ఫేస్‌గా, అంటే మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టెగా కూడా పనిచేస్తుంది.

పెడల్ నిజంగా అవసరమయ్యేది ఎలక్ట్రిక్ గిటార్‌కు. డిస్టార్షన్ పెడల్ గిటార్ ధ్వనితో పాటు పికప్ పట్టుకున్న హమ్‌ను కూడా బాగా పెంచుతుంది, తీగ ఆపగానే ఆ హోరు చెవిన పడుతుంది. బాస్ (Boss) కంపెనీ పెడల్ ఎన్‌ఎస్-2కు నాలుగు జాక్‌లు ఉండటానికి కారణం ఇదే. గిటార్ ముందు గేట్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి సెండ్ ద్వారా డిస్టార్షన్‌కు వెళ్లి, రిటర్న్ ద్వారా తిరిగి వస్తుంది. తలుపు ఎప్పుడు తీయాలో పెడల్ శుభ్రంగా ఉన్న అసలు గిటార్‌ను విని తేల్చుకుంటుంది. మూసేది మాత్రం హోరుతో నిండిన రిటర్న్‌ను. డిస్టార్షన్ అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చేస్తుంది కాబట్టి, దాని తర్వాత పెట్టిన గేట్‌కు తీగ చప్పుడుకూ హోరుకూ తేడా పట్టుకోవడం కష్టం. మూయర్ నాయిస్ కిల్లర్ లాంటి చిన్న పెడల్‌లో ఒక నాబ్, మెత్తగానో గట్టిగానో మూసే ఒక స్విచ్ ఉంటాయి. ఒక్క డిస్టార్షన్‌తో ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డ్ చేసేవారికి అది సరిపోవచ్చు. మూడు నాలుగు పెడళ్లు వరుసగా పెట్టేవారు సెండ్, రిటర్న్ ఉన్న దానికే వెళ్లాలి.

వీణకు, వయొలిన్‌కు గేట్ వేయకపోవడమే మంచిది. గమకం తర్వాత సాగే నాదం సన్నగిల్లే తీరే అక్కడ సంగీతం. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు పెట్టినప్పుడు ఒకదాని చప్పుడు ఇంకొకదానిలో పడకుండా ఎక్స్‌పాండర్ కొంత సాయపడుతుంది కానీ, మంద్రంగా మోగే తొప్పి వైపు సాగే నాదాన్ని తెగ్గొట్టేంత తక్కువ రిలీజ్ పెట్టకూడదు.

ముందే గేట్ వేయాలా, తర్వాతా?

రికార్డ్ చేస్తున్నప్పుడే గేట్ పెడితే, అది మింగిన అక్షరం ఫైలులోకి చేరదు, తర్వాత తెచ్చుకునే దారి లేదు. గేట్ లేకుండా 24 బిట్‌లో రికార్డ్ చేసి ఎడిటింగ్‌లో వేస్తే, నచ్చకపోతే తీసేసి మళ్లీ సర్దవచ్చు. 24 బిట్ రికార్డింగ్‌కు సిద్ధాంతపరంగా 144 డెసిబెల్స్ విస్తృతి ఉంది కాబట్టి, మీటర్ ఎర్రబడేదాకా గెయిన్ పెంచాల్సిన పని కూడా లేదు. శిఖరాలు మైనస్ 12 చుట్టూ ఉంటే చాలు.

లైవ్‌లో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ గేట్ అప్పటికప్పుడే పనిచేయాలి, తప్పు చేస్తే వేలమంది ముందు చేస్తుంది. కాబట్టి లైవ్‌కు ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేసుకోవాలి. 20 సెకన్లు మౌనంగా ఉండి మీటర్ చూడాలి. తర్వాత ‘ఆయన నిన్న వచ్చారు’, ‘వాళ్లు చెప్పలేదు’ లాంటి నాలుగు వాక్యాలను, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మాట్లాడేంత మెత్తగా చదివి రికార్డ్ చేయాలి. స్పీకర్‌లో కాకుండా హెడ్‌ఫోన్స్‌లో వినాలి. ‘రు’, ‘దు’ పూర్తిగా వినిపించేదాకా త్రెషోల్డ్ దించాలి. దించేసరికి ఫ్యాన్ లోపలికి వచ్చేస్తుంటే, గేట్ తీసేసి ఎక్స్‌పాండర్‌కో, ఓబీఎస్‌లోనే ఉన్న ఆర్ఎన్‌నాయిస్‌కో మారాలి.